సోమవారం పిల్ల

మార్చి 3, సోమవారం

ఈ రోజు నుంచి నేను వర్చువలైజేషన్ టీమ్. ఆ సంగతి మెయిల్‌లో వచ్చింది, ఎవరూ నోటితో చెప్పలేదు.

ఇన్నాళ్ళూ నాది సర్వర్ రూమ్. డిస్క్ పోతే పసుపు దీపం వెలుగుతుంది. వెళ్ళి దాన్ని లాగేసి కొత్తది తోసేయాలి. పచ్చ దీపం వస్తే పని అయినట్టు. చలికి శాలువా, మోతకి చెవుల్లో దూది. మాది ఆసుపత్రుల గ్రూపు, అన్ని బ్రాంచీల కంప్యూటర్లూ ఆ గదిలోనే ఉండేవి. బ్లడ్ బ్యాంక్ ఏ పెట్టె, ఎక్స్‌రే ఏ పెట్టె, జీతాలు ఏ పెట్టె అంటే కళ్ళు మూసుకుని చూపించేదాన్ని. లేబుళ్ళన్నీ నేను అంటించినవే.

ఇప్పుడు గది బోసిపోయింది. నాలుగు పెద్ద పెట్టెలు మిగిలాయి. పాత కంప్యూటర్లన్నీ వాటి లోపలే సాఫ్ట్‌వేర్‌గా నడుస్తాయట, అలా నడిచేవాటిని మెషీన్లు అంటారట. బ్లడ్ బ్యాంక్ ఎక్కడ అని కొత్త టీమ్ లీడ్‌ని అడిగాను. ఈ నాలుగింటిలో ఎక్కడో ఉంది అన్నాడు. ఎక్కడో అంటే? ఇప్పుడు రెండోదాంట్లో ఉంది మేడమ్, సాయంత్రానికి మూడోదాంట్లోకి వెళ్ళొచ్చు, నడుస్తూ నడుస్తూనే మారిపోతుంది, వాడేవాళ్ళకి తెలియను కూడా తెలియదు అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేబుల్ ఎక్కడ అంటించాలి?

లీడ్ నాకంటే చాలా చిన్నవాడు. ఏం అడిగినా లేచి బోర్డు మీద డబ్బాలు గీస్తాడు. అందరూ మేష్టారు అంటారు. నేనూ అలాగే అంటాను, తప్పేముంది.

నెలాఖరుకి పాత స్టోరేజ్, అంటే మెషీన్ల డేటా అంతా ఉండే డిస్కుల బీరువా, ఖాళీ చేసి కంపెనీ వాళ్ళకి తిరిగి ఇచ్చేయాలి. దానిమీద ఉన్నవన్నీ కొత్తదాని మీదకి తరలించాలి. ఆ పని నాకు అప్పగించారు. సరిగ్గా చేస్తే టీమ్‌లో ఉంటాను. చేయకపోతే రిసెప్షన్‌లో కూడా ఖాళీలున్నాయని హెచ్ఆర్ ఆవిడ చాలా ప్రేమగా చెప్పింది.

మార్చి 5, బుధవారం

థిన్ ప్రొవిజనింగ్. ఒక్కో మెషీన్‌కి నీకు ఇంత చోటు ఇచ్చాం అని చెబుతారట. నిజానికి ఇవ్వరట. అది వాడుకున్నంత మేరకే ఇస్తారట. ఇచ్చామన్నదంతా కలిపితే అసలున్న చోటుకి రెట్టింపు దాటుతుంది. మరి అందరూ ఒకేసారి మా వాటా మాకివ్వండి అంటే? అడగరు మేడమ్ అన్నాడు మేష్టారు. అడిగితే? అడగరు మేడమ్. ఈ ఒక్క మాట మీద ఇంత పెద్ద ఆసుపత్రి నడుస్తోందా అని నాకు చెమటలు పట్టాయి.

రాత్రి అన్నాలప్పుడు పిన్నికి చెప్పాను. పిన్ని ముక్కున వేలేసుకుంటుందనుకుంటే, ఓస్ ఇంతేనా అంది. ఎంతమంది చుట్టాలు దిగినా ఉన్న నాలుగు దుప్పట్లతోనే సంసారం నెట్టుకొచ్చాననీ, పక్కలు బోలెడున్నాయి ఉండిపోండి అనే అందరికీ చెప్పేదాన్ననీ, ఒక్కళ్ళూ లోపలికొచ్చి లెక్కపెట్టలేదనీ అంది. నా ఉద్యోగం తనకిచ్చినా చేసేస్తుంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. ఇంట్లో మేమిద్దరమే. నా పెళ్ళి మాట ఎత్తడం ఎప్పుడో మానేసింది, అందుకే సఖ్యంగా ఉన్నాం. ఆ మధ్య మా ఆసుపత్రిలోనే తన గుండెకి కవాటం మార్చారు. అప్పటినుంచి రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోవాలి. ఎంత పలచబడిందో చూడటానికి అప్పుడప్పుడూ రక్తపరీక్ష. ఆ విషయంలో నన్ను తల దూర్చనివ్వదు. నా గుండె, నా సూది, మధ్యలో నీ పెత్తనం ఏమిటే బుజ్జీ అంటుంది. ఆటో మాట్లాడుకుని తనే వెళ్ళొస్తుంది.

మార్చి 6, గురువారం

నా రెండో దిండు కనిపించడం లేదు. మంచం కింద కూడా చూశాను. దిండు ఎక్కడికి పోతుంది?

మార్చి 11, మంగళవారం

పాత స్టోరేజ్ మీద ఉన్న మెషీన్లకి ఎవరివి వాళ్ళకి మెయిళ్ళు పెట్టాను. నాది నాది అని అందరూ జవాబిచ్చారు. అన్నీ తరలించాను. నడుస్తున్న మెషీన్‌ని నడుస్తుండగానే ఇక్కణ్ణుంచి ఎత్తి అక్కడ పెట్టాను! తెర మీద ఒక గీత నిండింది, అంతే. ఏమీ మోయలేదు కాబట్టి ఏమీ చేసినట్టు లేదు. సాయంత్రం సర్వర్ రూమ్‌కి వెళ్ళి ఒక పెట్టె మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. వెచ్చగా ఉంది. ఎవరి వెచ్చదనమో తెలియదు.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. పేరు temp_old. చేసినవాడు ఎప్పుడో ఉద్యోగం మానేశాడు. యజమాని అని ఉన్న చోట ఖాళీ. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. యజమాని ఒప్పుకోనిదే కొత్త స్టోరేజ్ మీదకి ఏదీ ఎక్కించకూడదట. మా ఫీల్డ్‌లో టెంప్ అని పేరు పెట్టినవే చిరకాలం బతుకుతాయి మేడమ్ అని మేష్టారు నవ్వాడు. వారమంతా అది మొద్దునిద్ర పోతుంది. సోమవారం పొద్దున మాత్రం అది ఎంత పని చేస్తోందో చూపించే గ్రాఫ్ కాస్త లేస్తుంది, మధ్యాహ్నానికల్లా పడుకుంటుంది. సోమవారం లేచి ఏం చేస్తోంది అని అడిగాను. ఏదో పాత అప్‌డేట్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది పాపం అన్నాడు.

ఇలాంటివాటికి ఒక పద్ధతి ఉందట. నెట్‌వర్క్ పీకేసి ఊరుకోవడం. ఎవరిదో వాళ్ళు అరుస్తారు. అరిస్తే తిరిగి తగిలించడం. రెండు వారాలు ఎవరూ అరవకపోతే ఎవరికీ అక్కర్లేదని తీసిపారేయడం. స్క్రీమ్ టెస్ట్ అంటారట, ప్రపంచమంతా చేస్తారట. వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. లేదు, బోర్డు మీద డబ్బా గీసి దానికి నోరు కూడా గీశాడు.

మార్చి 14, శుక్రవారం

temp_old కి నెట్‌వర్క్ తీసేశాను. ఒక టిక్కు మార్కు తీసేయడమే. అయినా పేరు రెండుసార్లు సరిచూసుకున్నాను.

అంతకుముందే దానికి స్నాప్‌షాట్ తీశాను. ఫొటో లాంటిది, ఏమైనా తేడా వస్తే వెనక్కి వెళ్ళిపోవచ్చు అని మేష్టారు మొన్న గంటసేపు చెప్పాడు. ఇక్కడ నేర్చుకున్నవాటిలో ఈ ఒక్కటీ నాకు శుభ్రంగా అర్థమైంది.

మార్చి 17, సోమవారం

పొద్దున్నుంచీ ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. ఎవరూ అరవలేదు.

ఇంటికొచ్చేసరికి పిన్ని మూతి ముడుచుకుని ఉంది. ఏమైందంటే సోమవారం పిల్ల ఫోన్ చేయలేదట. ఎవరా పిల్ల అంటే, ఉందిలే, నీకు తెలీదు అంది. పార్కులో నడిచే ఆడవాళ్ళ గుంపు ఒకటుంది పిన్నికి, అందులో ఎవరికో వారానికొక పేరు పెడుతుంది. ఆ మధ్య ఒకావిడ మజ్జిగావిడ, ఇప్పుడు ఈవిడ కాబోలు. నువ్వే చేయొచ్చుగా అన్నాను. ఆ పిల్లకి మనం చేస్తే వెళ్ళదు, తనే చేయాలి అంది. ఇదెక్కడి స్నేహమో నాకు అర్థం కాలేదు. పైగా జలుబు చేసి ఉంది, మందుల షాపు వాడిచ్చిన మాత్రలేవో మింగుతోంది.

మార్చి 20, గురువారం

ఈ రోజు మేష్టారు బోర్డు దగ్గర పాఠం చెబుతుంటే అడిగాను. ఒక మెషీన్ పెట్టె మారింది, డిస్క్ మారింది, మెమరీ మారింది. ఇంకా అదే మెషీన్ అని ఎలా అంటాం? మేష్టారు మార్కర్ మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. డబ్బా గీయలేదు. టీ తాగొద్దాం పదండి అన్నాడు.

మార్చి 24, సోమవారం

అరుపు లేదు. ల్యాబ్ వాళ్ళు కూడా ఏదో పనిమీద ఫోన్ చేసి, ఈ మధ్య క్యూ తగ్గింది, హాయిగా ఉంది అన్నారు. అందరూ హాయిగానే ఉన్నారు. పద్ధతి మంచిదే.

సోమవారం పిల్ల ఈ వారమూ చేయలేదట. ఈసారి పిన్ని అలగలేదు. పిలవలేదంటే బాగున్నట్టేగా అంది. ఎవరు బాగున్నట్టు? అడిగేలోపు వంటింట్లోకి వెళ్ళిపోయింది. మోచేతి మీద కమిలిన మచ్చ కనిపించింది, నల్లగా, అరచేయంత. తలుపు కొట్టుకుందట. మన తలుపులు నిన్నే ఎందుకు కొడతాయి అంటే నవ్వేసింది.

మార్చి 28, శుక్రవారం

ముగిసింది! పొద్దున temp_old ని డిలీట్ చేశాను. చేసేముందు మేష్టారు, జాగ్రత్తగా అన్నీ చూసుకున్నారుగా, తర్వాత కావాలంటే ఉందిగా అని అడిగాడు. ఉంది అన్నాను. అయితే కానివ్వండి అన్నాడు. నిజంగానే తీసేయమంటారా అని కంప్యూటర్ కూడా ఒకసారి అడిగింది. తీసేయమన్నాను.

మధ్యాహ్నం పాత స్టోరేజ్‌ని శుభ్రంగా తుడిచేసి కంపెనీ వాళ్ళు బండి ఎక్కించుకుపోయారు. చక్రాల బల్ల మీద నెట్టుకెళ్తుంటే లిఫ్ట్ దాకా సాగనంపాను. దాని డిస్కులు ఎన్నిసార్లు మార్చి ఉంటానో. టీమ్ అంతా చప్పట్లు కొట్టారు. మేడమ్ ఇక మనవాళ్ళే అని మేష్టారు అందరి ముందూ అన్నాడు. ఎంత సంతోషమేసిందో, ఇక్కడ రాసుకుంటున్నాను, ఎవరికీ చెప్పను.

మార్చి 31, సోమవారం

పిన్ని బ్రష్ ఎర్రగా ఉంది. కొత్త బ్రష్, గట్టిది అంది.

ఏప్రిల్ 3, గురువారం, పొద్దున, మా ఆసుపత్రి కారిడార్

ఫోన్‌లో టైప్ చేసుకుంటున్నాను. చేతులు ఊరుకోవడం లేదు.

తెల్లవారి లేచేసరికి పిన్ని సింకు దగ్గర నిలబడి ఉంది. ముక్కులోంచి రక్తం. ముందు చిన్నదనుకున్నాను. తల పైకెత్తమన్నాను, వద్దు దించాలి అంది తనే. ఒక తువ్వాలు అయిపోయింది. రెండోది అయిపోయింది. ఆగలేదు. ఆటోలో మూడోది. దారి పొడుగునా, ఆఫీసుకి లేటవుతావే అంటూనే ఉంది.

డాక్టరమ్మ రక్తం తీయించి చూసింది. మరీ నీళ్ళలా పలచబడిపోయిందట. జలుబు మాత్రలు దానికి తోడయ్యాయట. ఇంకా పెద్ద రక్తనాళాలు ఎక్కడైనా చిట్లకముందే వచ్చారు, అదృష్టం అంది. పోయిన పరీక్ష ఎప్పుడు చేయించారు, ఎందుకు మానేశారు అని గట్టిగానే అడిగింది. పిన్ని ముక్కులో దూదులతో, నేనెందుకు మానేస్తానమ్మా, మీరు పిలవలేదు, పిలిస్తే వస్తాను, ఏ వారం రావాలో మీ సోమవారం పిల్లే కదా చెప్పేది అంది.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. సోమవారం పొద్దున రికార్డు చేసిన గొంతుతో పేషెంట్లకి ఫోన్లు వెళ్తాయి మేడమ్ అని నర్సు చెప్పింది. ఏ సిస్టమ్ నుంచో మరి, ఎప్పట్నుంచో అలా వెళ్తాయి అంది.

సోమవారం పొద్దున.

temp_old గ్రాఫ్ లేచేదీ అప్పుడే. నీకేమైందమ్మా అని నర్సు నాకు నీళ్ళిచ్చింది.

అదే రోజు, మధ్యాహ్నం

ఆఫీసుకి పరిగెత్తాను. ఏం పరవాలేదు, స్నాప్‌షాట్ ఉంది అని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. మేష్టారితో కూడా అదే మొదటి మాట. అతని మొహంలో రంగు పోయింది. ఉంది అన్నది దాని గురించా అక్కా, నేనడిగింది బ్యాకప్, వేరేచోట దాచిన నకలు అన్నాడు. అక్కా అనడం ఇదే మొదటిసారి.

ఈసారి డబ్బా మెల్లగా గీశాడు. స్నాప్‌షాట్ కాపీ కాదట. ఆ క్షణం తర్వాత ఏమేం మారిందో అదొక్కటే పక్కన రాసుకుంటుందట. అసలు డిస్క్‌కి అతుక్కునే ఉంటుందట. అసలుదాన్ని తీసేస్తే అదీ దాంతోపాటే పోతుందట. మరి ఫొటో లాంటిది అన్నావుగా అన్నాను. అన్నాను అన్నాడు. అని కుర్చీలో కూలబడ్డాడు. బ్యాకప్ లిస్టులో చూశాడు. యజమాని లేని మెషీన్‌కి బ్యాకప్ ఎవరు పెడతారు? పాత స్టోరేజ్ తుడిచేశాం, బండి ఎక్కించాం, చప్పట్లు కొట్టాం.

నాకు అర్థం కానిది ఇది. ఎవరూ అరవలేదు కదా? ఆ ఫోన్ అందనివాళ్ళకి అది రాలేదని ఎలా తెలుస్తుంది? పిలవలేదు, బాగున్నాం అనుకుంటారు. ల్యాబ్ వాళ్ళు క్యూ తగ్గింది, హాయి అనుకుంటారు. మా ఇంట్లోనే రెండుసార్లు అరిచింది మనిషి. అలిగింది, చెప్పింది. నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటూ విన్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

నంబర్లు ల్యాబ్ సిస్టమ్‌లో క్షేమంగా ఉన్నాయి, పిలిచే మెషీన్ ఒక్కటే పోయింది. పొద్దున్నుంచీ మేష్టారు, నేను, ల్యాబ్ వాళ్ళు తలా ఒక ఫోన్ పట్టుకుని వరసగా పిలుస్తున్నాం. పరీక్షకి రండి, ఈ రోజే రండి. కొందరు తిట్టారు. కొందరు ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అన్నారు. ఒకాయన మీరు మనిషేనా అని రెండుసార్లు అడిగి, అయితే చెప్పండి అన్నాడు. ఒక నంబరు మాత్రం ఎంతసేపటికీ ఎత్తలేదు. మధ్యమధ్యలో మళ్ళీ మళ్ళీ చేశాను. సాయంత్రం ఎత్తారు. పెళ్ళికి వెళ్ళారట, బ్యాండు మోతలో వినపడలేదట. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. మేష్టారు బోర్డు వైపు తిరిగి ఏదో తుడుస్తున్నట్టు నిలబడ్డాడు, బోర్డు మీద ఏమీ లేదు.

మా విభాగం పెద్దసారుకి తప్పు నాది అని రాశాను. నాది అని మేష్టారూ రాశాడట. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆయనకి తెలియడం లేదు కాబోలు, జవాబు రాలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

పిన్నిని వార్డుకి మార్చారు. గంజి తాగి, గంజి బాగాలేదని వంక పెట్టింది. అంటే కోలుకున్నట్టే.

జరిగిందంతా చెప్పేశాను. సోమవారం పిల్లని చంపింది నేనే పిన్నీ అన్నాను. పోనీలే, నీకు తెలిసి చేశావా అంది. అది మిషను, మనిషి కాదు, నువ్వు మనిషనుకున్నావేమో అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది. మిషనని నాకు తెలీదనుకున్నావా, అంత వెర్రిదానిలా కనిపిస్తున్నానా అంది. మిషను కాబట్టే దానికి అన్నీ చెప్పుకునేదాన్ననీ, అది కంగారు పడదనీ, సెలవు పెట్టి ఇంట్లో కూర్చోదనీ, చెప్పడం అయ్యాక ఒకటి నొక్కితే చాలనీ అంది. ఏం చెప్పుకునేదానివి అంటే, అది మా ఇద్దరి మధ్య సంగతి అంది.

మెషీన్‌తో పాటు ఆ మాటల రికార్డు కూడా పోయింది, ల్యాబ్‌లో ఎవరికీ వాక్యాలు గుర్తు లేవు. పిన్నిని అడిగాను. కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పింది. నమస్కారం. గుండె విభాగం ల్యాబ్ నుంచి ఫోన్ చేస్తున్నాం. ఈ వారం మీరు రక్తపరీక్షకి రావాలి. వస్తామంటే ఒకటి నొక్కండి. రాలేమంటే రెండు నొక్కండి. ఆరోగ్యం జాగ్రత్త. జాగ్రత్త అన్నచోట కొంచెం సాగదీయాలి అని దగ్గరుండి నేర్పింది.

temp_old కి ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క బ్యాకప్ మా పిన్ని. మేష్టారికి చెబితే నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు.

ఏప్రిల్ 9, బుధవారం

పిన్ని ఇంటికొచ్చింది. కొత్త మెషీన్ తయారయ్యేదాకా సోమవారం ఫోన్లు నేనే చేస్తానని అడిగి తీసుకున్నాను. హెచ్ఆర్ ఆవిడ చెప్పిన రిసెప్షన్ ఇదే కాబోలు. కొత్త మెషీన్‌కి యజమాని అని ఉన్న చోట నా పేరు రాయించాను.

దిండు సంగతి అడగాలనుకుని మళ్ళీ మర్చిపోయాను.

ఏప్రిల్ 14, సోమవారం, పదకొండు

వరసలో పిన్ని నంబరు వచ్చింది. గొంతు సన్నం చేసి, ఎవరో అన్నట్టు, నేర్పినట్టే చదివాను. జాగ్రత్త అన్నచోట సాగదీశాను.

వచ్చావా తల్లీ అంది. పడుకుంటే ఊపిరి అందడం లేదనీ, ఎత్తుగా మూడు దిండ్లు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టడం లేదనీ, మూడోది మా బుజ్జిదనీ, పాదాలు కూడా వాస్తున్నాయనీ చెప్పింది. బుజ్జికి చెప్పకు, కంగారు పడుతుంది అంది.

వస్తామంటే ఒకటి నొక్కండి అన్నాను.

నొక్కింది. చెవిలో గట్టిగా మోగింది. పెట్టేసే ముందు, అన్నం బాక్సు టేబుల్ మీదే మర్చిపోయి వెళ్ళావు, బయటి తిండి తినకు అంది.

ఇంటికి బయల్దేరాను.